కుర్చీ ఎవరికి వేస్తాం?

మిడుతూరు లాంటి మండల కేంద్రంలో ఏ ఆఫీసు ముందో, ఎరువుల అంగడి ముందో కాసేపు నిలబడి చూడండి. మనిషి లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే అవతలి కళ్ళు అతని చెప్పుల మీద పడతాయి. అక్కణ్ణుంచి పంచె అంచుకి, చొక్కా జేబుకి, చేతిలోని ఫోనుకి పాకి, మొహం దాకా చిట్టచివర వస్తాయి. అప్పటికే తీర్పు అయిపోయి ఉంటుంది. ఒకరికి 'రాప్పా, కూచో' అంటూ ప్లాస్టిక్ కుర్చీ ముందుకు జరుగుతుంది. ఇంకొకరికి 'ఏం పనబ్బీ?' అన్న ప్రశ్నే దక్కుతుంది, అదీ తలెత్తకుండా. ఇందులో దుర్మార్గం ఉందనుకోను. కుర్చీ వేయని మనిషి ఇంట్లో మంచి తండ్రే అయివుంటాడు, ఆదివారం మందిరంలో ముందు వరసలో మోకరించేవాడూ అయివుండవచ్చు. నన్ను తొలిచేది అతని చెడ్డతనం కాదు, ఆ వేగం. అంత తక్కువ సమయంలో, అంత తక్కువ సాక్ష్యంతో, అంత ధీమాగా మనం ఇంకే నిర్ణయమైనా తీసుకుంటామా? వంకాయలు కొనేటప్పుడు కూడా తిప్పి చూస్తామే!

ఈ కుర్చీ పేచీ కొత్తది కాదు. కొత్త నిబంధనలో యాకోబు రాసిన పత్రిక రెండో అధ్యాయం మొదటి సగం దాని చుట్టే తిరుగుతుంది. బంగారపు ఉంగరం పెట్టుకుని మంచి బట్టల్లో వచ్చినవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి నిలబడే చోటు, లేదంటే పాదపీఠం దగ్గర నేల. ఇది జరిగేది సంతలోనో రాజసభలోనో కాదు, విశ్వాసుల కూడికలో. అంటే సంఘం పుట్టిన మొదటి తరంలోనే, యేసును చూసిన కళ్ళు ఇంకా కొన్ని బతికి ఉండగానే, ఈ జబ్బు లోపలికి వచ్చేసిందన్నమాట. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు సమూయేలు ప్రవక్త కూడా ఇందులోనే పడ్డాడు. యెష్షయి కొడుకుల్లో రాజును ఎంచడానికి బేత్లెహేము వెళ్ళి, పెద్దవాడు ఏలీయాబు ఎత్తూ రూపూ చూడగానే ఇతనే అనుకున్నాడు. అంతకు ముందు అందరికన్నా భుజాల మీదికి ఎత్తున్న సౌలును అభిషేకించి, ఆ ఎత్తు ఎక్కడికి దారి తీసిందో కళ్ళారా చూసినవాడు ఆయన. అయినా మళ్ళీ ఎత్తే కంటికి ఆనింది. మనిషి పైరూపాన్ని చూస్తాడు, దేవుడు హృదయాన్ని చూస్తాడు అన్న మందలింపు వచ్చింది అక్కడే. ఆ మాటను మనం ఎదుటివాళ్ళకు వాడే సుభాషితంగా మార్చుకున్నాం గానీ, అది మొదట పలికింది ఒక భక్తుడికి, అతను భక్తిగా పని చేస్తున్న సమయంలో. కన్ను తనంతట తాను బాగుపడదనీ, అనుభవం కూడా దాన్ని బాగుచేయదనీ అందులో ఉన్న అర్థం.

మరి విశ్వాసంతో చూడటమంటే ఏమిటి? చాలామంది దాన్ని రంగు కళ్ళద్దం అనుకుంటారు. ఉన్నదాన్ని లేనట్టూ, లేనిదాన్ని ఉన్నట్టూ చూపించే ఓదార్పు. నాకు అలా అనిపించదు. నంద్యాల, నందికొట్కూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలను నడివేసవిలో చూసిన కొత్తవాడు ఆ నెర్రెలు చూసి ఇది చచ్చిన భూమి అంటాడు. రైతు అనడు. అతనికి నెర్రెలు కనబడక కాదు, కాలు ఇరుక్కుపోయేంత లోతుగా ఉన్నాయని అతనికే బాగా తెలుసు. అయితే ఆ నెర్రెలు ఆ నేల గురించిన ఆఖరి మాట కావని కూడా తెలుసు. సరే, రైతుకు ఎన్నో వానలు చూసిన అనుభవం ఉంది, విశ్వాసికి ఏముంది? అడగాల్సిన ప్రశ్నే. పైచూపు ఎన్నిసార్లు, ఎంత దారుణంగా తప్పిందో చెప్పే జ్ఞాపకం ఒకటి అతని దగ్గర ఉంది. ఆ జ్ఞాపకం కోసం పాలస్తీనా దాకా పోనక్కర్లేదు, తెలుగు నేలలోనే దొరుకుతుంది.

ఇంగ్లిష్ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టాడు. నిజాయితీపరుడు, బతుకంతా ఆ బడికే ధారపోసినవాడు. పై కులాల పిల్లలకు చదువు చెబితే వాళ్ళ ద్వారా సువార్త కిందికి దిగుతుందని ఆయన లెక్క. ఆ లెక్క చెడకూడదని అంటరాని కులాల పిల్లలను బడిలోకి రానివ్వలేదు. లెక్క చూడటానికి సబబుగానే ఉంటుంది. చదువు, పలుకుబడి, భూమి ఎక్కడున్నాయో అక్కణ్ణుంచి మొదలుపెట్టడం ఏ వ్యాపారస్థుడైనా చేసే పనే. కానీ కృష్ణా ప్రాంతంలో ప్రజలు గుంపులుగా కదలడం మొదలైంది ఆ బడి గేటు దగ్గర కాదు. రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండేవాడు, దొంగల ముఠాకు నాయకుడన్న పేరు మోసినవాడు. ఎన్నో ఏళ్ళు దేవుడి కోసం తనంతట తాను వెతుక్కుని, బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని కలుసుకుని, 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో మాలలు వందలు వందలుగా చేరారంటే అందులో అతని నడక, అతని నోటి మాట ఎంతో ఉన్నాయి. నోబుల్ తెలివి తక్కువవాడని కాదు నా వాదన. ఒక తెలివైన భక్తుడు మంచి కారణాలు చూపించి మూసిన తలుపు బయటే అసలు కథ నడిచిందంటున్నాను. దొంగల నాయకుడికి ఆ రోజు ఎవరు కుర్చీ వేసేవారు?

ఒంగోలులో ఇదే చిక్కు మరింత పచ్చిగా వచ్చింది. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. పాతికేళ్ళ కష్టానికి చేతిలో మిగిలిన విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. 1853లో ఒకసారి, 1862లో మరోసారి ఈ మిషన్‌ను మూసేద్దామన్న ప్రస్తావన అమెరికాలో వచ్చింది. పరిస్థితిని అంకెల్లో చూస్తే ఆ ప్రస్తావన తప్పేమీ కాదు. 1866లో ఆ మిషన్ తరఫున జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అంతకు ముందు భూములు సర్వే చేసిన మనిషి, కొలతలు తెలిసినవాడు. బ్రాహ్మణ, శూద్ర కుటుంబాల నుంచి బడికి పిల్లలు వస్తున్నారని సంతోషిస్తున్న వేళ, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి వెంట పల్లెల మాదిగలు రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మేము రామని పై కులాలవాళ్ళు తేల్చి చెప్పారు. ఆ తికమకలో ఉండగా బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం ఎదురైందనీ, పక్క గదిలో భార్య కూడా యాదృచ్ఛికంగా అదే భాగం తెరిచి ఉందనీ ఆయనే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. లోకం లెక్కలో జ్ఞానులనూ బలవంతులనూ కాకుండా, ఎన్నిక లేనివాళ్ళను దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. ఇలాంటి కాకతాళీయాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, బైబిలు ఎక్కడ తెరిచినా మనిషి తనకు కావలసింది దొరకబుచ్చుకుంటాడు. కానీ ఇక్కడ దొరికింది ఆయనకు కావలసింది కాదు. ఆయన కట్టుకున్న ఆశలన్నీ కూలగొట్టే మాట అది. పై కులాలవాళ్ళు వెళ్ళిపోయారు, ఆయన పోనిచ్చాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది, వినదగిందే. వాళ్ళు వచ్చింది విశ్వాసం కోసమా, గంజి కోసమా? 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను ఎలా ఊడ్చిపెట్టిందో జనాభా లెక్కలే చెబుతాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగోవంతు తగ్గిపోయారు. అలాంటి రోజుల్లో అన్నం పెట్టిన చేతి దేవుడే దేవుడవడంలో వింత ఏముంది? క్లౌకు ఈ ప్రశ్న మనకన్నా ముందే తెలుసు. ఆ కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. జనం వేలల్లో అడుగుతున్నా ఏడాదికి పైగా ఇవ్వలేదు. సహాయం పంచడం ముగించాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో దిగారు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. ఇక ఇచ్చేది ఏమీ లేదన్నాక వచ్చిన మనుషులు వీళ్ళు. అందరి మనసూ కడిగిన ముత్యమని నేను అనను. పెట్టిన చేతి మీద కృతజ్ఞత, రేపు మళ్ళీ కరువొస్తే ఒక దిక్కు ఉంటుందన్న ఆశ, పెద్దకులాల కాళ్ళ కింద నుంచి లేవాలన్న కోరిక, అన్నీ కలిసే ఉంటాయి. కలగలపు లేని ఉద్దేశంతో ఏ గుడికైనా, ఏ చర్చికైనా వెళ్ళినవాడు ఒక్కడుంటే చూపించమనండి. కడుపు నిండినవాడి భక్తిని నమ్మి, ఆకలిగొన్నవాడి భక్తిని అనుమానించడంలో మళ్ళీ చెప్పులు చూసే కళ్ళే పనిచేస్తున్నాయి. ఇంకో సంగతి. విశ్వాసమంటే కళ్ళు మూసుకోవడమే అయితే క్లౌ ఆ వేల మందిని చూసి పొంగిపోయి కరువులోనే బాప్తిస్మాలు ఇచ్చేవాడు. పైకి కనిపించే ఆ గెలుపును కూడా ఆయన నమ్మలేదు. కాలానికి వదిలేశాడు.

తిరస్కారంతో చూసేవాళ్ళే పైచూపు చూస్తారని అనుకుంటే పొరపాటు. జాలితో చూసేవాళ్ళూ చూస్తారు. 1936లో అమెరికన్ మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో జరిగిన సంభాషణలో గాంధీ, హరిజనుల్లో కొందరికి మతాల తారతమ్యం తేల్చుకునే శక్తి ఆవుకున్నంత కూడా ఉండదన్న భావం వెలిబుచ్చాడు. అంటరానితనం పోవాలని ఊరూరా తిరిగినవాడి నోటి నుంచి వచ్చిన మాట కాబట్టే అది ఎక్కువ కలవరపెడుతుంది. ఆ రోజుల్లో దోర్నకల్ డయోసిస్‌కు బిషప్ అజరయ్య. 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన. ఆయన సంఘంలో అత్యధికులు గాంధీ మాట్లాడుతున్న ఆ మనుషులే. వాళ్ళు తమ కోసం తాము ఆలోచించుకోగలరని, ఆలోచించుకున్నారని అజరయ్య నిలబడి చెప్పాడు. అదే అజరయ్య అంతకు చాలా ముందు, 1910లో, ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల మొహం మీదే వాళ్ళ పెద్దరికాన్ని ఎత్తిచూపాడు. ఆస్తులిస్తారు, ప్రాణాలిస్తారు, స్నేహం మాత్రం ఇవ్వరని ఆయన ఫిర్యాదు. పరలోకంలో సింహాసనాలు ఇస్తామనే దొరలు తమ గదిలో కుర్చీ మాత్రం వేయరన్న మాటను కూడా ఆయనదిగానే చెప్పుకుంటారు. దానం చేసే చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది. ఎదురుగా కూచోబెట్టుకుంటే ఆ చేయి కిందికి దిగి రావాలి, అదే కష్టం.

మనుషుల సంగతి ఇలా ఉంటే, పరిస్థితులు ఇంకా మెత్తగా మోసం చేస్తాయి. ఇవాళ మన మందిరాల్లో సాక్ష్యాలు ఎలా ఉంటున్నాయో గమనించండి. ఉద్యోగం వచ్చినవాడు, వీసా వచ్చినవాడు, ఇల్లు కట్టుకున్నవాడు, రిపోర్టులో గడ్డ మాయమైనవాడు మైకు ముందుకొస్తారు. దేవుడు దీవించాడంటారు, సంతోషం. మిరప తోట వేసి మునిగినవాడు, మూడోసారి కూడా డీఎస్సీ పోయినవాడు, ఉపవాస ప్రార్థనలు చేసి కూడా బిడ్డను పోగొట్టుకున్నది, వీళ్ళకు మైకు ఎప్పుడు వస్తుంది? రాదు. పైగా వెనక వరసలో ఎవరో గొణుగుతారు, ఏదో ఉండే ఉంటుందిలే, ఊరికే జరుగుతుందా అని. చెప్పులు చూసి మనిషికి విలువ కట్టిన కన్నే ఇప్పుడు పంట చూసి దేవుడి మనసుకు విలువ కడుతోంది. పుట్టుగుడ్డి ఒకడు దారిలో కనబడితే శిష్యులకు తట్టిన మొదటి ప్రశ్న కూడా ఇదే కదా, పాపం ఇతనిదా, కన్నవాళ్ళదా అని. యేసు ఆ ప్రశ్న చట్రాన్నే ఒప్పుకోలేదు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోతే, వాళ్ళు మిగతా ఊరికన్నా పాపులా అని ఆయనే ఎదురు అడిగాడు. పౌలుకు శరీరంలో ముల్లు ఉండేది. మూడుసార్లు వేడుకున్నా తీయబడలేదని తనే రాసుకున్నాడు. ఇవాళ ఆయన మన మందిరానికి వస్తే ఆ సాక్ష్యానికి మైకు ఇస్తామా? నిజానికి సిలువ కన్నా ఓడిపోయినట్టు కనిపించే పరిస్థితి చరిత్రలో ఇంకొకటి లేదు. దాన్ని గుండెల మీద వేసుకుని తిరుగుతూ, కొత్త కారు చూసి దేవుడి దయను కొలిచే మన ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాదు.

ఇక రెండో అభ్యంతరం, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైంది. ఇన్ని చెబుతున్నారు సరే, మీ సంఘాలు చేసిందేమిటి? ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పంతొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ఆళ్ళగడ్డ దగ్గరి ముత్యాలపాడులోనూ, తర్వాత నంద్యాలలోనూ పనిచేసింది. కడప, కర్నూలు సీమల్లో దానిలోనూ లండన్ మిషన్‌లోనూ చేరినవాళ్ళు ఎక్కువగా మాలలు. ఒంగోలు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు. క్రీస్తులో ఒకటే అన్నారు, కానీ మాలవాడ చర్చి మాలవాడదిగానూ, మాదిగవాడ చర్చి మాదిగవాడదిగానూ ఎన్నో ఊళ్ళలో ఉండిపోయాయి. పెళ్ళి సంబంధాల దగ్గర పత్రికలో వాక్యం ముందు, కులం తర్వాత. ఎన్నికల కాలంలో వేదిక మీద సోఫా ఎవరికి వేస్తారో చెప్పనక్కర్లేదు. ఆడంబరం వద్దని నగలు తీసేసి తెల్లచీర కట్టుకున్న సంఘాల్లో, కొన్నాళ్ళకు ఆ తెల్లచీరే కొలబద్దయింది. బొట్టు మరక మిగిలిందా, చెవులకు ఏముంది అని చూసే కళ్ళు పుట్టాయి. పైరూపాన్ని కాదన్న పట్టుదల కూడా ఒక పైరూపంగా గడ్డకడుతుంది, ఎంత చిత్రం! ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒక సగం జవాబు ఉంది. ఇదంతా తప్పని నిరూపించడానికి మనం బయటి కొలత తేనక్కర్లేదు, యాకోబు పత్రికే చాలు. తన మీద తీర్పు చెప్పే పుస్తకాన్ని ప్రతి ఆదివారం తనే పైకి చదువుకునే గుంపు అది. అప్పుడప్పుడూ ఎవరో దాన్ని విన్న దాఖలాలూ ఉన్నాయి. హైదరాబాదు హెబ్రోనులో భక్తసింగ్ నడిపిన కూడికల్లో అందరూ చాపల మీద నేలనే కూచునేవారు, కూడిక అయ్యాక ప్రేమవిందులో ఒకే పంక్తిలో తినేవారు.

దీనికి అంటుకునే ఉన్న ఇంకో నింద: 'ఆదివారం ఏసు, సోమవారం సర్టిఫికెట్టు.' మందిరంలో ఇశ్రాయేలు, కాగితంలో పుల్లయ్య. అబద్ధమే కదా అంటారు. ఆ అబద్ధాన్ని ఎవరు రాయించారో కూడా చూడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది అందింది, క్రైస్తవులకు అందలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళది బీసీ-సి, వాటా ఒక్క శాతం. మతం మార్చుకున్నా ఊరు అతని వాడను మార్చలేదు, హోటల్లో గ్లాసును వెంటనే మార్చలేదు. కాగితం మాత్రం మారమంటుంది. ఆ రెండు పేర్ల మనిషిని చూసి దొంగ అనేయడం తేలిక, పాపం అనేయడమూ తేలికే. రెండూ చెప్పులు చూసి చెప్పే తీర్పులే. నాకు అతనిలో కనిపించేది, ఒక చేత్తో బిడ్డ చదువును, ఇంకో చేత్తో దేవుణ్ణి పట్టుకుని రెండూ జారకుండా చూసుకుంటున్న మనిషి. అతను చేసేది సబబని నేను సంతకం పెట్టను. కానీ రాయి వేసేముందు, ఆ చేతుల్లో ఏది వదలమంటామో తేల్చి చెప్పగలగాలి.

చివరగా లోకజ్ఞానం తెలిసినవాళ్ళ ప్రశ్న. ఇలా అందర్నీ నమ్ముతూ పోతే మోసపోమా? గొర్రె తోలు కప్పుకున్న తోడేళ్ళ సంగతి యేసే చెప్పాడు కదా. చెప్పాడు. వాటిని గుర్తుపట్టడానికి తోలు చూడమనలేదు, ఫలాలు చూడమన్నాడు. ఫలం కాయడానికి కాలం పడుతుంది, చెప్పులు చూడటానికి పట్టదు. నేను చెప్పదలచిన విశ్వాసపు చూపు ఇంతే: తీర్పును వాయిదా వేయడం, ఆ వాయిదా కాలంలో ఇవ్వాల్సిన మర్యాదను మాత్రం వాయిదా వేయకపోవడం. అపొస్తలుల కార్యాల్లో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. విశ్వాసులను వెతికి పట్టించే సౌలు, తర్వాత పౌలు అయినవాడు, దమస్కు చేరి చూపు పోయి పడి ఉన్నప్పుడు, అతని దగ్గరికి వెళ్ళమంటే అననీయ అనే అక్కడి శిష్యుడు ఎదురు చెప్పాడు. అతను చెప్పిన అభ్యంతరాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా వెళ్ళి తల మీద చేయి వేసి సహోదరుడా అని పిలిచాడు, అప్పటికి ఏ ఫలమూ కాయలేదు. తర్వాత యెరూషలేములో శిష్యులు అదే సౌలును దగ్గరికి రానివ్వలేదు, నాటకమనుకున్నారు. ఈ కథ రాసిన లూకా వాళ్ళను ఎక్కడా తప్పుపట్టలేదు. స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపుతుంటే సాక్షుల బట్టలకు కాపలా కాసినవాడు ఇతనేనని వాళ్ళు మరిచిపోలేరు. బర్నబా అనే విశ్వాసి అతని వెంట నిలబడి, ఇతని కథ నాకు తెలుసు, వినండి అన్నాడు. విన్నారు. ఆ పూట బర్నబా ఊళ్ళో లేకపోయి ఉంటే, న్యాయమైన వాళ్ళ భయం ఇంకెన్నాళ్ళు సాగేదో, ఆ పత్రికలు రాసే చేయి ఎక్కడ ఆగిపోయేదో.